గొంతు పోయి సంగీతం మిగిలింది: మార్సెల్లా సెంబ్రిచ్‌ను వినడం ఎలా?

పాత రికార్డులంటే ఇష్టపడే స్నేహితులకు నూరేళ్ల కిందటి ఒపెరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం) గాయని మార్సెల్లా సెంబ్రిచ్ పాట వినిపిస్తే దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "బాగానే ఉంది గానీ, గొంతు మరీ సన్నం కదూ?" మొదటిసారి విన్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. మూకుడులో పోపు చిటపటలాడుతున్నట్టు రొద, దాని వెనక ఎక్కడో దూరంగా, రేకు గొట్టంలోంచి వస్తున్నట్టు ఒక ఆడగొంతు. పిల్లనగ్రోవిలా ఉంది. కానీ నిండుదనం లేదు, ఒంట్లో నెత్తురు లేని మనిషిలా ఉంది.

మరి ఇదే మనిషి న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో 450కి పైగా ప్రదర్శనల్లో పాడింది. మూడు వేల పైచిలుకు జనం పట్టే ఆ హాల్లో మైకు లేదు, ముందు పెద్ద వాద్యబృందం. 1903 నవంబర్ 23న ఇటాలియన్ గాయకుడు ఎన్రికో కరూసో ఆ వేదిక మీద తొలిసారి అడుగుపెట్టినప్పుడు, వెర్ది రాసిన ఒపెరా 'రిగొలెట్టో'లో అతని సరసన నాయిక గిల్డాగా పాడింది ఈమే. అప్పటికి కొత్తవాడు అతను, పేరున్న తార ఆమె. ఇవాళ కరూసో పేరు ఒపెరా విననివాళ్లకు కూడా తెలుసు. సెంబ్రిచ్ పేరు ఒపెరా వినేవాళ్లలోనే చాలామందికి తెలియదు.

ఇంత తేడా ఎందుకొచ్చింది? కారణం గొంతులో లేదనీ, దాన్ని పట్టిన యంత్రంలో చాలావరకు ఉందనీ నేను నమ్ముతున్నాను. అయితే యంత్రం దగ్గరికి వెళ్లేముందు ఆ మనిషి ఎక్కడినుంచి వచ్చిందో, పాటకన్నా ముందు ఏం నేర్చుకుందో చూడాలి. ఎందుకంటే ఆ రికార్డుల్లో మిగిలింది ఆ ముందు నేర్చుకున్నదే.

పటంలో లేని దేశం

1858 ఫిబ్రవరి 15న విష్నియేవ్‌చిక్ అనే పల్లెటూళ్లో ప్రాక్సెడా మార్ట్సెలినా కొహాన్‌స్కా పుట్టింది. పోలిష్ కుటుంబం. కానీ పోలండ్ అనే దేశం అప్పుడు పటంలో లేదు. 1772, 1793, 1795లలో మూడు విడతలుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచేసుకున్నాయి. ఈ ఊరున్న గలీషియా ప్రాంతం ఆస్ట్రియా వాటాకు వచ్చింది. అంటే ఇంట్లో మాట్లాడేది పోలిష్, ఏలేది వియన్నాలో ఉండే చక్రవర్తి. 1918 తర్వాత పోలండ్ మళ్లీ దేశమైనప్పుడు ఆ ఊరు పోలండ్‌లోకి వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సోవియట్ యూనియన్‌లో ఉంది. ఇప్పుడు ఉక్రెయిన్‌లో, తెర్నోపిల్ ప్రాంతంలో ఉంది. అందుకే ఒక పుస్తకంలో ఆమె ఆస్ట్రియన్, మరో దాంట్లో పోలిష్, ఇంకో దాంట్లో పోలిష్-అమెరికన్. ఎవరూ అబద్ధం రాయలేదు. ఊరు కదల్లేదు, సరిహద్దులు కదిలాయి.

ఏ వాటాలో పుట్టారన్నది అప్పటి పోలిష్ పిల్లల బతుకును చాలా మార్చేసేది. రష్యా కింద ఉన్న భాగంలో 1863 తిరుగుబాటు తర్వాత బడుల్లో, సర్కారు కార్యాలయాల్లో పోలిష్ భాషను అణగదొక్కారు. గలీషియాలో గాలి ఎదురు తిరిగింది. 1867 తర్వాత ఆస్ట్రియా ఆ ప్రాంతానికి స్వపరిపాలన ఇచ్చింది, బడుల్లో, కార్యాలయాల్లో పోలిష్ వచ్చింది. రాజధాని లెంబెర్గ్‌లో పోలిష్ నాటకశాల, సంగీత పాఠశాల కళకళలాడాయి. పోల్‌లు ల్వూఫ్ అనే ఆ ఊరినే ఇప్పుడు ఉక్రేనియన్లు ల్వీవ్ అంటున్నారు. పేద పల్లె వాయిద్యకారుడి కూతురు పదకొండేళ్లకు ఆ సంగీత పాఠశాలలో చేరగలిగిందంటే, అందులో ఆమె ప్రతిభతో పాటు ఆ కాలపు గలీషియా పాత్ర కూడా ఉంది.

అయితే చదువు దొరికింది గానీ, బతుకుతెరువు అక్కడ సరిపోయేది కాదు. ఒపెరా గాయకులకు పేరూ డబ్బూ ఇచ్చేవి మిలాన్, పారిస్, లండన్, పీటర్స్‌బర్గ్, ఆ తర్వాత న్యూయార్క్. ఆమె తరంవాళ్లే అయిన వార్సా సోదరులు జాఁ ద రెష్కే, ఎద్వార్ ద రెష్కే కూడా ఇల్లు వదిలి పాశ్చాత్య రాజధానుల్లోనే వెలిగారు. కొహాన్‌స్కా అనే పేరు ఇటాలియన్, ఇంగ్లిష్ నోళ్లలో నలిగిపోతుంది. అందుకని ఆమె రంగస్థలానికి తల్లి పుట్టింటిపేరు పెట్టుకుంది: సెంబ్రిచ్. మార్ట్సెలినా కాస్తా మార్సెల్లా అయింది. పుట్టినప్పటి పేరు వదులుకున్నా పుట్టిన చోటుని మాత్రం వదల్లేదని తర్వాత చూస్తాం.

ముందు వయొలిన్

తండ్రి కజిమిర్ కొహాన్‌స్కి ఊళ్లో సంగీతం నేర్పుతూ, వాయిస్తూ బతికినవాడు. పిల్లకు నాలుగేళ్లకు పియానో, ఆరేళ్లకు వయొలిన్ చేతికిచ్చాడు. లెంబెర్గ్ పాఠశాలలో చేరింది ఈ రెంటి కోసమే. పాట అప్పటికి లెక్కలో లేదు.

ఆ పాఠశాలను నడిపినాయన కరోల్ మికులి. పోలిష్ స్వరకర్త, పియానో విద్వాంసుడు షోపాన్‌కు స్వయంగా శిష్యుడు. పియానో నేర్పిన గురువు విల్‌హెల్మ్ స్టెంగెల్, తర్వాత ఆమె భర్త అయ్యాడు. మికులి పేరు దగ్గర కాస్త ఆగాలి. షోపాన్ తన శిష్యులకు పదే పదే చెప్పిన మాట ఏమిటంటే, పియానో బాగా వాయించాలంటే గొప్ప ఇటాలియన్ గాయకుల్ని వినమని. వాళ్లు ఊపిరి ఎక్కడ తీస్తారో, వాక్యాన్ని ఎలా సాగదీసి ఎలా దించుతారో చూసి దాన్ని వేళ్లలోకి తెచ్చుకోమని. ఆ షోపాన్ శిష్యుడు నడిపిన బడిలో, పియానో ద్వారా, ఒక పల్లెపిల్ల అదే పద్ధతిని ఒంటబట్టించుకుని తిరిగి ఇటాలియన్ ఒపెరాలోకి తీసుకెళ్లింది. గొంతులోంచి పియానోలోకి వెళ్లింది మళ్లీ గొంతులోకి వచ్చి చేరింది. ఈ చుట్టు తిరుగుడు నాకు ఆమె కథలో అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది.

స్టెంగెల్ ఆమెను వియన్నా తీసుకెళ్లాడు. అక్కడ పేరున్న పియానో గురువు యూలియస్ ఎప్‌స్టైన్ దగ్గర నేర్చుకుంది. ఆ తర్వాత జరిగింది ఆమె జీవితంలో అందరూ చెప్పుకునే ఘట్టం: ఆ కాలపు మహా పియానో విద్వాంసుడు ఫ్రాన్జ్ లిస్ట్ ముందు ఆమె పియానో వాయించింది, వయొలిన్ వాయించింది, పాడింది. మూడూ విన్న లిస్ట్, నీకు మూడు జతల రెక్కలున్నాయని మెచ్చుకుని, అయినా నువ్వు పాడు, లోకం కోసం పాడు అన్నాడని చెబుతారు.

ఈ కథను దైవవాణిలా చెప్పుకోవడం మామూలే. నాకైతే అందులో లోకజ్ఞానం కూడా కనిపిస్తుంది. 1870లలో ఒక అమ్మాయి ముందున్న దారులు చూడండి. వాద్యబృందాల్లో ఆడవాళ్లను తీసుకునేవారు కాదు. ఒంటరిగా వేదికెక్కి వయొలిన్ వాయించే ఆడవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. పియానో వాయించే ఆడవాళ్లు చాలామందే ఉన్నా, పైకి వచ్చిన కొద్దిమందిని తీసేస్తే మిగిలింది ఇళ్లకు వెళ్లి పాఠాలు చెప్పుకోవడమే. ఆడదాని ప్రతిభకు మగవాడితో సమానంగా, చాలాసార్లు ఎక్కువగా, డబ్బిచ్చిన చోటు ఒపెరా ఒక్కటే. సొప్రానో, అంటే పైస్థాయి ఆడగొంతు, లేకుండా ఒపెరా లేదు. లిస్ట్‌కు ఈ సంగతులన్నీ తెలుసు.

పాట కోసం ఆమె ముందు వియన్నాలో విక్టర్ రొకిటాన్‌స్కీ దగ్గర, తర్వాత మిలాన్‌లో జొవాన్ని బత్తిస్తా లాంపెర్తి దగ్గర చేరింది. ఇటాలియన్లు 'బెల్ కాంతో' అనేది, అంటే అందమైన పాట అనేది, ఇక్కడ చేతికందింది. పేరు విని తియ్యగా పాడటమే అనుకోవద్దు. ప్రధానంగా అది ఊపిరి లెక్క. ఊపిరిని ఒక్కసారిగా వదిలెయ్యకుండా, స్వరానికి ఎంత కావాలో అంతే ఇస్తూ, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి అతుకు కనపడకుండా జారడం. సన్నగా మొదలుపెట్టిన స్వరాన్ని పెంచి మళ్లీ సన్నగా దించడం. ఆ పట్టు కుదిరాక, దాని మీద వేగంగా పరుగులు. కర్ణాటక గాత్రంలో బిర్కాలు వింటే మనకు కలిగే అబ్బురం లాంటిదే ఒపెరాలో కలరట్యూరా అనే వేగపు పని. తేడా ఏమిటంటే, మన దగ్గర గమకంలో స్వరాలు ఒకదానిలోకి ఒకటి ఒరిగిపోతాయి. అక్కడ ఎంత వేగంలోనైనా ప్రతి స్వరం ముత్యంలా విడిగా నిలబడాలి.

వయొలిన్ వాయించేవాళ్లకు ఇది కొత్త కాదు. కమాను ఎంత నొక్కాలి, ఎంత పొడుగు వాడాలి, ఎక్కడ తిప్పాలి అన్నదే వాళ్ల రోజువారీ పని. వయొలిన్‌కు మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి పక్కకు పడితే శ్రుతి పోతుంది, దాన్ని చెవే పట్టుకోవాలి. ఆరేళ్ల వయసు నుంచి ఆ చెవితో పెరిగిన పిల్ల పాట నేర్చుకోవడం మొదలుపెడితే, సగం పాఠం ముందే వచ్చేసినట్టు. ఆ రోజుల్లో పేరున్న గాయకుల్లోనే స్వరలిపి సరిగ్గా చదవలేనివాళ్లు ఉండేవారు. పక్కన ఎవరో వాయించి వినిపిస్తే బట్టీ పట్టేవాళ్లు. ఆమెకు ఆ అవసరం లేదు. కొత్త పాత్రను కాగితం మీద చూసి తనే పియానో మీద వాయించుకుని నేర్చుకోగలదు.

1877లో స్టెంగెల్‌తో పెళ్లయింది. అదే ఏడాది జూన్ 3న ఏథెన్స్‌లో బెల్లిని 'ఈ పురితాని'లో ఎల్వీరాగా తొలి ప్రదర్శన. వయసు పంతొమ్మిది. మరుసటి ఏడాది డ్రెస్డెన్‌లో దొనిజెత్తి 'లూచియా', 1880 జూన్‌లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో మళ్లీ అదే లూచియా. స్టెంగెల్ తన ఉద్యోగం మానుకుని భార్య వెంట ఉండి ఒప్పందాలు, ప్రయాణాలు, సాధన చూసుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దపు భర్తల్లో ఇలా చేసినవాళ్లు తక్కువ.

న్యూయార్క్, రెండో రాత్రి

మెట్రోపాలిటన్ ఒపెరా (పొట్టిగా 'మెట్') పుట్టుక వెనక సంగీతంకన్నా డబ్బు గొడవే ఎక్కువ. న్యూయార్క్‌లో అప్పటికే అకాడమీ ఆఫ్ మ్యూజిక్ అనే ఒపెరాహాలు ఉంది. అందులో ఖరీదైన పెట్టెలన్నీ, అంటే విడిగా కూర్చుని చూసే చిన్న గదులన్నీ, పాత కులీన కుటుంబాలవి. రైళ్లతో, బ్యాంకులతో కొత్తగా కోటీశ్వరులైనవాళ్లు ఎంత డబ్బిస్తామన్నా పెట్టె దొరకలేదు. దొరక్కపోతే మేమే ఒక హాలు కట్టుకుంటామని కట్టారు. 1883 అక్టోబర్ 22న గూనో 'ఫౌస్ట్'తో తలుపులు తెరిచారు. రెండో ప్రదర్శన అక్టోబర్ 24న: 'లూచియా', సెంబ్రిచ్. ఆ హాలు పుట్టిన మూడో రోజు నుంచీ ఆమె దాని చరిత్రలో ఉంది.

అదే సీజన్లో అకాడమీలో కర్నల్ మేపుల్సన్ అనే నిర్వాహకుడు అడెలీనా పాట్టిని నిలబెట్టి పోటీకి దిగాడు. ఒకే ఊళ్లో రెండు హాళ్లు పోటీపడి తారల ధర పెంచుకుంటూ పోయాయి. మెట్ నిర్వాహకుడు హెన్రీ ఆబీ ఆ ఒక్క సీజన్‌తోనే నిండా మునిగాడు. ఆయన నష్టం కొంతైనా పూడ్చడానికి 1884 ఏప్రిల్ 21న ఒక సహాయ కచేరీ పెట్టారు. ఆ రాత్రి సెంబ్రిచ్ పాడింది. వయొలిన్ తీసుకుని ద బెరియో రాసిన కన్సర్టో (వాద్యబృందంతో కలిసి ఒక్కరు ప్రధానంగా వాయించే రచన) వాయించింది. చప్పట్లు ఆగకపోతే పియానో ముందు కూర్చుని షోపాన్ మజుర్కా (పోలిష్ నాట్యపు బాణీ) వాయించింది. లిస్ట్ చెప్పిన మూడు జతల రెక్కలూ ఒకే రాత్రి న్యూయార్క్ జనం కళ్లారా చూశారు.

ఇంత మెప్పు పొందినా ఆమె పద్నాలుగేళ్లపాటు మెట్‌కు తిరిగి రాలేదు. అలిగి కాదు. ఆబీ మునిగాక హాలు యజమానులు ఇటాలియన్ తారల ఖర్చు మనవల్ల కాదని, జర్మన్ బృందంతో అంతా జర్మన్‌లోనే పాడించే ఏర్పాటు చేసుకున్నారు. 1884 నుంచి 1891 దాకా ఏడు సీజన్లు అదే నడిచింది. భారీ వాద్యబృందంతో జర్మన్ ఒపెరాలు రాసిన వాగ్నర్ ఏలిన కాలం అది. బెల్ కాంతో పాత్రల మీద బతికే గాయనికి అక్కడ చోటు లేదు. ఆమె యూరప్ అంతా తిరిగి పాడి, 1898లో నలభయ్యో ఏట వచ్చింది. అప్పుడు మొదలైన రెండో అంకమే అసలైనది.

నలభైలో మొదలుపెట్టి యాభై దాటేదాకా పైస్థాయి సొప్రానో పాత్రలు పాడటం తేలిక కాదు. ఆ వయసుకు చాలా గొంతులు బరువెక్కుతాయి, పైస్వరాలు ముందు పోతాయి. ఆమె నిలబడింది ఏం పాడకూడదో తెలియబట్టి. చుట్టూ కాలం మారుతోంది. పుచ్చీని, మస్కాన్యి లాంటివాళ్ల కొత్త ఒపెరాల్లో ఏడుపులు, అరుపులు, వాద్యబృందం హోరు. జనం వాటి వెంట పడ్డారు. ఆమె 'లా బొహేమ్'లో మిమీ పాడింది, ఎందుకంటే అది గొంతు మీద బరువు వెయ్యదు. వాగ్నర్‌లో 'మైస్టర్‌సింగర్' ఎవా లాంటి తేలికపాటి పాత్ర దగ్గర ఆగింది. మిగతాదంతా మొజార్ట్, రోసీని, బెల్లిని, దొనిజెత్తి, వెర్ది. 1900లో మెట్‌లో 'మ్యాజిక్ ఫ్లూట్' తొలిసారి వేసినప్పుడు రాత్రి రాణి ఆమే. తాను పాడగలిగింది కాక తనకు నప్పేది మాత్రమే పాడే ఈ క్రమశిక్షణ ఇవాళ్టి యువగాయకులకు చెప్పేవాళ్లు తక్కువ.

రోసీని 'బార్బర్ ఆఫ్ సెవిల్' రెండో అంకంలో నాయిక రోజీనా సంగీత పాఠం నేర్చుకునే సన్నివేశం ఉంటుంది. అక్కడ గాయని తనకిష్టమైన పాట ఏదైనా పాడుకోవచ్చన్నది ఆ కాలపు ఆనవాయితీ. చాలామంది తమ గొంతు విన్యాసాలు చూపించేవాళ్లు. సెంబ్రిచ్ కూడా స్ట్రాస్ వసంతపు వాల్ట్జ్ లాంటివి పాడి మెప్పించేది. ఆ తర్వాత జనం ఇంకోటి కావాలని కేకలేస్తే, వేదిక మీదున్న పియానో ముందు తనే కూర్చుని, తనే వాయించుకుంటూ షోపాన్ 'అమ్మాయి కోరిక' పాటను పోలిష్‌లో పాడేది. నేను సూర్యుణ్ణయితే నీకోసమే వెలిగేదాన్ని అనే చిన్న పల్లెపాట లాంటి పాట అది. స్పెయిన్‌లో జరిగే ఇటాలియన్ ఒపెరా మధ్యలో, అమెరికాలో, పటంలో లేని దేశపు భాష. జనం దానికోసం ఎదురుచూసేవాళ్లు.

1902 ఫిబ్రవరిలో పడెరెవ్‌స్కీ ఒపెరా 'మన్రూ' మెట్‌కు వచ్చినప్పుడు నాయిక ఉలానా కూడా సెంబ్రిచే. పోలిష్ స్వరకర్త, పోలిష్ గాయని, కొండపల్లె పిల్ల కథ, కానీ పాడింది జర్మన్‌లో. ఆ కాలపు పోలిష్ కళాకారుల పరిస్థితి ఒక్క ఉదాహరణలో చెప్పాలంటే ఇది చాలు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చి సైన్యాలు పోలిష్ నేలమీదే కొట్లాడుకున్నప్పుడు, న్యూయార్క్‌లో పోలిష్ బాధితుల సహాయ సంఘాన్ని ఆమె ముందుండి నడిపింది. అంతకుముందు 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో మెట్ బృందమంతా చిక్కుకుంది. దుస్తులు, తెరలు, వాయిద్యాలు కాలిపోయాయి. తారలకు నష్టం పూడ్చుకునే దారులుంటాయి. వెనక వరసలో పాడే కోరస్ వాళ్లకు, వాయిద్యకారులకు ఉండవు. ఆమె న్యూయార్క్ వచ్చి వాళ్లకోసం కచేరీ చేసి దాదాపు 10 వేల డాలర్లు పోగుచేసి పంచింది. వయొలిన్ కాలిపోతే వయొలిన్ మనిషికి ఏమవుతుందో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

1909 ఫిబ్రవరి 6న మెట్‌కు వీడ్కోలు పలికింది. గొంతు ఇంకా బాగున్నప్పుడే వెళ్లిపోయింది. ఆ రాత్రి 'త్రావియాతా' తొలి అంకంలో కరూసో ఆమె సరసన పాడితే, మామూలుగా ఎవరూ పట్టించుకోని చిన్న పాత్రలు పెద్ద పెద్ద తారలు అడిగి వేసుకున్నారు.

కొమ్ము ముందు నిలబడ్డ గొంతు

ఇప్పుడు ఆ రేకు గొట్టం సంగతి.

ఆమె రికార్డులు 1900 ప్రాంతంలో మొదలయ్యాయి. ముందు బెత్తీని మైనపు సిలిండర్లు, 1903లో కొలంబియా డిస్కులు, 1904 నుంచి విక్టర్ డిస్కులు. అప్పటికి రికార్డింగులో కరెంటు లేదు. కరెంటు మైకుతో రికార్డు చెయ్యడం 1925లో గానీ రాలేదు. పాడేవాళ్లు ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి పాడాలి. గొంతులోంచి వచ్చిన గాలి కదలిక కొమ్ము చివరున్న పల్చటి పొరను కదిపితే, దానికి అతికించిన సూది మైనంలో గాడి గీస్తుంది. అంతే. మధ్యలో ఆ బలాన్ని పెంచేది ఏదీ లేదు. 1902 ఏప్రిల్‌లో మిలాన్‌లో కరూసోను, నవంబర్‌లో కలకత్తాలో గౌహర్ జాన్‌ను ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డు చేసింది కూడా ఈ పద్ధతిలోనే.

ఆ కొమ్ము అన్ని శబ్దాల్నీ ఒకేలా పట్టదు. సుమారుగా చెప్పాలంటే, సెకనుకు రెండు వందల కంపనాలకు కిందివీ, రెండు వేలకు పైవీ దానికి సరిగ్గా అందవు. అసలు చిక్కు ఇక్కడుంది. మనం ఒక స్వరం పాడితే వచ్చేది ఒక్క కంపనం కాదు. మూలస్వరం ఒకటి, దాని పైన రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లుగా అనుస్వరాలు వస్తాయి. గొంతుకు రంగు, నిండుదనం, ఎవరి గొంతో గుర్తుపట్టే గుణం ఈ పై అనుస్వరాల్లోనే ఉంటాయి.

కరూసో లాంటి టెనర్ (పైస్థాయి మగగొంతు) గాయకుడు పాడే ఒక స్వరం తీసుకుందాం, 440 హెర్ట్జ్, అంటే సెకనుకు 440 కంపనాలు అనుకోండి. దాని అనుస్వరాలు 880, 1320, 1760. నాలుగూ కొమ్ముకు అందుతాయి. అంటే గొంతు రంగులో చాలావరకు మైనంలోకి ఎక్కుతుంది. ఇప్పుడు సొప్రానో పై షడ్జం, సుమారు 1047 హెర్ట్జ్. రెండోదే 2090 దాటింది, మూడోది 3140. మూలస్వరం ఒక్కటే బాగా అందుతుంది, పైవన్నీ రాలిపోతాయి. అనుస్వరాలు రాలిన స్వరం ఎలా ఉంటుంది? పిల్లనగ్రోవిలా ఉంటుంది. రాత్రి రాణి పాటలో పైకెక్కే స్వరం దాదాపు 1400 హెర్ట్జ్. అక్కడ మిగిలేది ఈలే. ఆమె గొంతు సన్నంగా ఉందని మనం అంటున్నది ఈ మిగులును చూసి.

ఇంకో అన్యాయం కూడా ఉంది. మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేది రెండు వేల నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య. మూడు వేలమంది కూర్చున్న హాల్లో, మైకు లేకుండా, వాద్యబృందాన్ని దాటి చివరి వరస దాకా గొంతు చేరడానికి ఆ భాగంలోని బలం చాలా తోడ్పడుతుంది. అంటే హాల్లో జనాన్ని కట్టిపడేసిన భాగమే కొమ్ముకు అందని భాగం. కరూసోకు యంత్రం మేలు చేసింది, ఆమెకు కీడు చేసింది. ఇద్దరి కీర్తి మధ్య ఇవాళ ఉన్న దూరంలో దీని వాటా చిన్నది కాదు. కరూసో గొప్పతనాన్ని ఇందుకు తగ్గించక్కర్లేదు. అతని గొంతు మహత్తరమైనదే, పైగా యంత్రం అతని పక్షాన ఉంది.

వేగం సంగతి వేరే. ఈ డిస్కుల్ని మనం 78 వేగపు రికార్డులంటాం గానీ, ఆ రోజుల్లో అందరూ ఒకే వేగానికి కట్టుబడలేదు. నిమిషానికి 74 చుట్లతో గీసిన దాన్ని 78తో తిప్పితే పాట దాదాపు ఒక అర్ధస్వరం పైకి పోతుంది. గొంతు ఇంకా సన్నబడుతుంది, స్వరంలోని సహజమైన కదలిక గడగడలాడుతుంది. మేక అరుపులా ఉందని కొందరు వెక్కిరించే ఆ వణుకు చాలాసార్లు తిప్పేవాళ్ల తప్పు. అంతర్జాలంలో ఆమె పాటలు వినేటప్పుడు ఒకే రికార్డుకు రెండు మూడు ప్రతులు వెతికి విని చూడండి, వేగం సరిచేసిన ప్రతిలో ఆమె వేరే మనిషిలా ఉంటుంది.

స్టూడియోలో కొమ్ముకు భయపడి పాడినవి కాకుండా వేదిక మీద పాడుతుండగా పట్టినవి కూడా కొన్ని తునకలున్నాయి. మెట్ గ్రంథపాలకుడు లయొనెల్ మేపుల్సన్ 1901 నుంచి 1903 దాకా హాల్లోనే సిలిండర్ యంత్రం పెట్టి ప్రదర్శనల మధ్యలో రెండేసి నిమిషాల ముక్కలు పట్టాడు. ఈయన ఎవరో కాదు, 1883లో మెట్‌తో పోటీపడ్డ ఆ కర్నల్ మేపుల్సన్‌కు స్వయానా అన్నదమ్ముల బిడ్డ. ఆ ముక్కల్లో రొద భయంకరంగా ఉంటుంది. కానీ సెంబ్రిచ్ గొంతు ఒక పెద్ద ఖాళీలోకి తెరుచుకోవడం, వెంటనే జనం హోరెత్తడం వినిపిస్తాయి. స్టూడియో డిస్కుల్లో కనిపించని కొలత అక్కడ కనిపిస్తుంది: ఆ గొంతు ఎంత దూరం వెళ్లేదో.

యంత్రం ఇంత తీసేశాక మిగిలిందేమిటి? శ్రుతి మిగిలింది. కొమ్ము దాన్ని పాడుచెయ్యలేదు. లయ మిగిలింది. వాక్యం ఎక్కడ సాగింది, ఎక్కడ ఊపిరి తీసింది, వేగపు పరుగులో ఏ స్వరం మీద రవ్వంత ఒత్తి తర్వాతి వాటిని వదిలేసింది, ఇవన్నీ మైనంలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే పాట నేర్వకముందు, తండ్రి దగ్గర వయొలిన్ మీద, మికులి బడిలో పియానో మీద నేర్చుకున్నది మొత్తం ఉంది. ఆమె స్టకాటో స్వరాలు, అంటే తుంచి తుంచి పలికే స్వరాలు, వినండి: కమాను తీగను తాకి లేచినట్టే ఉంటాయి, ప్రతిదీ శ్రుతి మధ్యలో పడుతుంది. గొంతు అందం మీదే ఆధారపడ్డ ఆ కాలపు సొప్రానోలు కొందరు ఈ యంత్రం చేతిలో పూర్తిగా మాయమైపోయారు. ఆమె మాయం కాలేదు.

శిష్యుల చేతికిచ్చింది కూడా ఇదే. ఒపెరా మానుకున్నాక 1917 దాకా పాటకచేరీలు చేసింది. అవి అనేక భాషల పాటలు, జానపదాలు, షూమన్, బ్రామ్స్ పాటలు కలిపి జాగ్రత్తగా అల్లిన కచేరీలు. ఆ ఏడాదే స్టెంగెల్ పోయాడు. తర్వాత మిగిలిన జీవితమంతా పాఠం చెప్పడమే. 1924లో ఫిలడెల్ఫియాలో కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత కళాశాల తెరిచినప్పుడు గాత్ర విభాగం ఆమె చేతిలో పెట్టారు. న్యూయార్క్ జూలియర్డ్‌లోనూ నేర్పింది. అల్మా గ్లక్, దూసొలీనా జన్నీని లాంటివాళ్లు ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. వేసవిలో లేక్ జార్జ్ ఒడ్డున బోల్టన్ లాండింగ్‌లో పాఠాలు చెప్పిన చిన్న స్టూడియో ఇప్పుడు ఆమె పేరిట మ్యూజియం. 1935 జనవరి 11న న్యూయార్క్‌లో చనిపోయింది.

ఆమెను వినడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ఒంటరి పాటల్ని చెప్పను. 1908 ఫిబ్రవరిలో విక్టర్ కంపెనీ రికార్డు చేసిన 'లూచియా' షట్కం వినమంటాను. ఆరుగురు ఒకే కొమ్ము ముందు ఒకరినొకరు తోసుకుంటూ నిలబడి పాడినది: కరూసో, సెంబ్రిచ్, స్కోత్తి, జుర్నే, సెవెరీనా, దద్ది. మామూలు డిస్కు డాలరు లోపు దొరికే రోజుల్లో, ఒక పక్కే పాటున్న దీని ధర ఏడు డాలర్లు. మొదట కరూసో, స్కోత్తి మొదలుపెడతారు, చెవి వాళ్ల వెంటే పోతుంది. పోనివ్వండి. రెండోసారి పెట్టినప్పుడు వాళ్లను వదిలేసి లూచియా ప్రవేశించే చోటు కోసం ఆగండి. మిగతా గొంతులన్నీ బలంగా కలిసిపోతున్నప్పుడు, పైన ఒక సన్నని గీత ఎక్కడా వణక్కుండా, ఎవరితోనూ పోటీపడకుండా, తన వాక్యాన్ని తాను చివరిదాకా గీసుకుంటూ వెళ్తుంది. వయొలిన్ అనుకుని వినండి.